సౌదీ పోతానంటున్న మేనల్లుడికి

అల్లుడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నా, వాడు సౌదీ పోతా అంటుండు, మెడికల్ కూడా అయిపోయిందట" అన్నది. ఆమె గొంతులో ఏడుపూ ఉంది, కొడుకు పెద్దవాడయ్యాడన్న సంబరమూ ఉంది. నా పరిస్థితీ అదే. మీ అత్త ఏమైందని అడిగితే "మనోడు ఎలక్ట్రీషియన్ పని మీద రియాద్ పోతున్నాడు" అని పక్కింటివాళ్లకు కూడా వినబడేటట్టు చెప్పాను. ఆ తర్వాత పడుకుంటే నిద్ర రాలేదు. రెండింటికి లేచి మంచినీళ్లు తాగాను, మూడింటికి లేచి గడప మీద కూర్చున్నాను, ఇక తెల్లారేదాకా అక్కడే.

ఫోన్లో చెబుదామంటే నువ్వు అన్నింటికీ "సరే మామా" అంటావు, సగంలో మీ అమ్మ ఫోన్ లాక్కుంటుంది. అందుకే రాస్తున్నాను. పొడుగైపోతుందని తెలుసు. బస్సులో చదువుతావో పొలం గట్టు మీద చదువుతావో నీ ఇష్టం, మొత్తం మాత్రం చదువు.

ముందు నీకు తెలిసిన సంగతులు తొందరగా చెప్పేస్తా. విజిట్ వీసా మీద పనికి పోవద్దు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ సైటులో చూడు. "లైసెన్సు మా బావమరిది పేరు మీద ఉంది, నేను ఆయన తరఫున" అన్నాడంటే అక్కడి నుంచి లేచి వచ్చేయ్. లైసెన్సున్నవాడు తీసుకోదగ్గ సర్వీస్ చార్జీ ఎక్కువలో ఎక్కువ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. రశీదు రాయనంటే డబ్బు ఇవ్వకు. పోయాక ఎక్కడైనా పని చేసుకోవచ్చని అమ్మే ఆజాద్ వీసా అనేది ఏ చట్టంలోనూ లేదు, అది మనవాళ్లు పెట్టుకున్న పేరు. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు కాపీలు మీ అమ్మ దగ్గర ఒక సెట్టు, నా దగ్గర ఒక సెట్టు పెట్టు. మామిడికాయ తొక్కు డబ్బాకు రెండు కవర్లు చుట్టు, లేకపోతే బట్టలన్నీ నూనె అవుతాయి.

పాస్‌పోర్టు గురించి మాత్రం ఆగి చెప్పాలి. నువ్వు టెన్త్ పాసయ్యావు కాబట్టి దాని మీద ఈసీఆర్, అంటే విదేశానికి పనికి పోయేముందు ప్రభుత్వ తనిఖీ కావాలనే ముద్ర ఉండదు. మన పిల్లలు అదొక గౌరవం అనుకుంటారు. ఈసీఆర్ ఉన్నవాళ్లు సౌదీ, కువైట్, ఖతర్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ముందు క్లియరెన్సు తీసుకోవాలి. ఆ తిరుగుడు విసుగే, కాదనను. కానీ దాని వల్ల వాళ్ల కాగితాలు ఒక ఆఫీసు చూస్తుంది, 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరిగా చేయిస్తారు. నిన్ను ఎవరూ ఆపరు, శంషాబాద్‌లో సాఫీగా దాటిపోతావు. ఆపకపోవడమంటే నీ కాగితాలు ఎవరూ చదవలేదని కూడా. కాబట్టి బీమా నువ్వే సొంతంగా చేయించుకో, కాంట్రాక్టు ప్రతి లైనూ నువ్వే చదువు.

ఇంకొకటి. మీ అమ్మ మెడికల్ అయిందన్నది గానీ స్కిల్ టెస్టు సంగతి ఎత్తలేదు. ఎలక్ట్రీషియన్లకు, ప్లంబర్లకు, వెల్డర్లకు సౌదీవాళ్లు ఇప్పుడు ఇక్కడే టెస్టు పెట్టి సర్టిఫికెట్ ఇస్తున్నారు. ఆ టెస్టు ఊసే లేకుండా నీ వీసా పని జరిగిపోతుందంటే, వీసాలో నీ పని పేరు కరెంటు పని కాదేమో అని నాకు అనుమానం. రాత్రి నిద్ర చెడగొట్టింది ఇదే. వీసా కాపీ చేతికి రాగానే నాకు పంపు. హైదరాబాద్ బార్కస్‌లో నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నాడు, అరబ్బీ బాగా చదువుతాడు, ఆయనతో చదివిస్తాను. అందులో ఇంటి డ్రైవరు అనో, తోటమాలి అనో, పశువుల కాపరి అనో ఉంటే విమానం ఎక్కకు. టికెట్ డబ్బులు పోతే పోనీ. ఇంటి పనివాళ్లకు, పశువుల కాపర్లకు అక్కడి లేబర్ చట్టం వర్తించదు. 2021లో కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అనుమతి లేకుండా కంపెనీ మారవచ్చని సౌదీ ప్రభుత్వం మార్పులు తెచ్చినప్పుడు కూడా వాళ్లను బయటే ఉంచేసింది. ఇంత పట్టు ఎందుకో కిందికి వస్తే నీకే తెలుస్తుంది.

"ఎందుకురా పోవుడు" అని మీ అమ్మ అడిగితే "ఇక్కడ ఏమున్నదమ్మా" అన్నావట. ఆ మాట మన ఇంట్లో మూడు తరాలుగా తిరుగుతోంది. మా తాత అదే మాట అని బొంబాయి పోయాడు. అక్కడ కామాఠీపురా అనే పేటకు ఆ పేరు నిజాం రాజ్యం నుంచి పోయిన మన కూలీల వల్లే వచ్చింది, కామాఠీలంటే మనవాళ్లే. నేతపని వాళ్లు షోలాపూర్, భివండి పట్టుకున్నారు. పాలమూరు వాళ్లు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని దేశంలో ఎక్కడ డ్యామ్ కడితే అక్కడికి పెళ్లాం పిల్లలతో పోయారు. సముద్రం పక్కవాళ్లు ఇంగ్లీషువాళ్ల కాలంలో ఓడలెక్కి రంగూన్ పోయారు, 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి దిగితే ఎంతోమంది అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు. ఇక 1973లో చమురు ధర పెరిగి అరబ్ దేశాల్లో ఎటు చూసినా కట్టడాలు మొదలైనప్పుడు ఆ కబురు మన కోరుట్లకు నేరుగా రాలేదు. ముందు బొంబాయిలో ఉన్న మనవాళ్లకు తెలిసింది, ఏజెంట్ల ఆఫీసులు అక్కడే కాబట్టి. తాతల కాలంలో కూలికి వేసుకున్న బొంబాయి దారే మా కాలానికి గల్ఫ్ దారి అయింది.

నీ మరదలు గ్రూప్-2 కోసం అశోక్‌నగర్ నుంచి తెచ్చుకున్న పుస్తకాల్లో ఒకటి ఖాళీగా ఉన్నప్పుడు చదివాను. రావెన్‌స్టీన్ అనే ఆయన 1885లోనే జనాభా లెక్కలు ముందు వేసుకుని రాశాడట, ఎక్కువమంది దగ్గరి చోటికే పోతారని, దూరం పోయేవాళ్లు మెట్టు మెట్టుగా పోతారని, మనుషులు ఒక దిక్కు పోతుంటే ఎదురు దిక్కు కొందరు వస్తూ ఉంటారని. ఆయన కూడా జర్మనీలో పుట్టి లండన్‌లో బతికినవాడే. చదివి ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మన ఊరినుంచి పిల్లలు దుబాయ్ పోతున్నారా, మన పొలాల్లో నాట్లకు బీహార్ నుంచి గుంపులు దిగుతున్నాయా లేదా? హైదరాబాద్ సంగతే చూడు. బార్కస్ వాళ్ల తాతలు యెమెన్ దిక్కు హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో పనికి వచ్చారు. బతకడానికి అరబ్బులు మన దగ్గరికి వచ్చిన కాలం అది. ఆ పెద్దాయన ఇంటి ముందు జామకాయలు కొనుక్కున్నప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

ఆ లెక్కల ప్రకారం మీ అమ్మ కూడా వలస మనిషే. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో ఇట్లా చోటు మారినవాళ్లు 45 కోట్లకు పైగా ఉన్నారు, వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, అందులో ఎక్కువమంది పెళ్లి వల్ల. సగానికి పైగా సొంత జిల్లా కూడా దాటలేదు. మా ఇంటి నుంచి మీ ఇంటికి పన్నెండు కిలోమీటర్లు. ఆ పన్నెండు కిలోమీటర్లకు ఆమె ట్రాక్టర్ మీద కూర్చుని ఊరు దాటేదాకా ఏడ్చింది, నేను వెనకాల సైకిల్ మీద పోయాను. అందుకని నువ్వు పోతానంటే ఆమెకేం తెలుసు అనుకోకు. పుట్టిన ఇల్లు విడవడం ఏమిటో నీకంటే ముందు ఆమెకు తెలుసు.

ఎందుకు పోయావని లెక్కలవాళ్లు అడిగితే నేను "పని కోసం" అనే చెప్పేవాణ్ణి. అది సగమే నిజం. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. నాకు అప్పుడు పద్నాలుగేళ్లు. ఆ తర్వాత పదేళ్లు ఊళ్లో మీసం వచ్చిన పిల్లాడు ఇంట్లో ఉంటే తల్లిదండ్రులకు టెన్షనే. రాత్రి నక్సలైట్ అన్నలు వచ్చి అన్నం పెట్టమనేవాళ్లు, పొద్దున పోలీసులు వచ్చి ఎందుకు పెట్టావనేవాళ్లు. మా నాయన ఎవరితోనూ ఏమీ అనలేదు. ఒకరోజు మూడు రూపాయల వడ్డీకి 20,000 తెచ్చి ఏజెంటు చేతిలో పెట్టాడు. నన్ను పంపింది సంపాదన కోసం అని ఊరంతా అనుకుంది, నేనూ అనుకున్నాను. ఆయన పోయాక మా అమ్మ చెప్పింది, "నువ్వు విమానం ఎక్కినవని తెలిసిన రోజు మీ నాయన మొదటిసారి తలుపు తీసిపెట్టి పడుకున్నడు" అని.

అందుకే నీ కారణం ఏమిటో నువ్వు సరిగ్గా చూసుకో అంటున్నా. కరువే కారణమైతే కాకతీయ కాలువ నీళ్లు పారిన ఊళ్ల నుంచి ఎవరూ పోకూడదు కదా. పోతూనే ఉన్నారు. ఎదురింటివాళ్లు స్లాబు వేశారని పోయారు, గల్ఫ్ పిల్లగాడికైతే కట్నం ఎక్కువని పోయారు, అందరికంటే ఎక్కువగా, ముందు పోయినవాడు బాగున్నానని చెప్పాడు కాబట్టి పోయారు. మన ప్రాంతాన్ని కదిలించింది కరువు సగం, కబురు సగం. ఆ కబురు పంపినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది మీ అమ్మకు కొంత తెలుసు, నీకు ఎవరూ చెప్పి ఉండరు.

నేను రియాద్ చేరింది 1988 ఏప్రిల్‌లో. ఎలక్ట్రీషియన్ హెల్పర్, 900 రియాళ్లు అన్నారు. తీరా పోతే 500 రియాళ్లు, పని కేబుల్ వేయడానికి గుంతలు తవ్వడం. కరెంటు వైరు నేను చేత్తో పట్టింది ఏడాదిన్నర తర్వాత. రేకుల గదిలో పన్నెండు మందిమి, ఒక కూలరు, అదీ చాలా రోజులు పనిచేయదు. పొద్దున ఖుబ్బూస్ రొట్టె, రాత్రి ఖుబ్బూస్, మధ్యలో పప్పు. అప్పుడు ఫోన్లు ఎక్కడివి. ఉత్తరం పోయి జవాబు రావడానికి నెలన్నర, లేకపోతే ఊరికి పోయేవాడి చేతికి క్యాసెట్ ఇచ్చి పంపడం. మా ఫోర్‌మన్ గదిలో టేప్ రికార్డరు ఉండేది. మంచివాడు, శుక్రవారం రోజు కావాలన్నవాళ్లకు గది ఇచ్చేవాడు. ఆ గదికి కిటికీ ఏసీ ఉండేది.

వంతు వచ్చాక నేను తలుపేసుకుని కూర్చున్నాను. చెప్పాల్సింది మొత్తం ముందే మనసులో అనుకున్నాను. గుంతల సంగతి, జీతం సంగతి, అప్పు తీరడానికి నాలుగేళ్లు పడుతుందన్న సంగతి. బటన్ నొక్కి "అమ్మా" అనగానే ఆమె ముఖం కనిపించింది. ఆమె ఆ రికార్డరు ముందు ఎట్లా కూర్చుంటుందో, విన్నాక అన్నం ముట్టకుండా ఎన్ని రోజులు ఉంటుందో. ఇక నోట్లో నుంచి వేరే మాటలు వచ్చాయి. "అమ్మా, నేను మంచిగున్న. ఏసీ రూం ఇచ్చిండ్రు. రోజూ కోడికూర. సేటు మంచోడు." అరగంట మాట్లాడాను. ఆ తర్వాత బత్తా బజారులో ఎవరిదో కారుకు ఆనుకుని ఫోటో దిగి, క్యాసెట్‌తో పాటు పంపాను.

రెండు నెలలకు అమ్మ రాయించిన ఉత్తరం వచ్చింది. వాడకట్టు అంతా మన అరుగు మీద కూర్చుని విన్నారట. ఎవరో "ఆగుండ్రి, ఏసీ చప్పుడు ఇనవడుతుంది" అంటే అందరూ మాటలు ఆపి ఆ చప్పుడు విన్నారట. అది చదివి నేను సంతోషపడ్డాను. గుంత తవ్వి వచ్చి, చేతులకు బొబ్బలతో, ఆ ఉత్తరం మూడుసార్లు చదువుకుని సంతోషపడ్డాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అరుగు మీద విన్నవాళ్లలో మీ చిన్నమామ ఒకడు. మా చిన్నాన్న కొడుకు, అప్పుడు పందొమ్మిదేళ్లు. వాడు నాకు సొంత చేత్తో ఉత్తరం రాశాడు. "అన్నా, నేను కూడా రావాలని ఉంది. నాయన కాలువ పక్క ఎకరం కుదువ పెడతా అంటుండు. నువ్వు రమ్మంటే వస్త, వద్దంటే ఆగుత." ఇంత సూటిగా అడిగాడు అల్లుడా. నేను ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పదిహేను రోజులు తిరిగాను. వద్దు అని రాయాలంటే ఎందుకో రాయాలి, ఎందుకో రాస్తే నేను గుంతలు తవ్వుతున్నానని ఊరంతా తెలుస్తుంది, క్యాసెట్ అబద్ధమని అమ్మకు తెలుస్తుంది. చివరికి "రా, వచ్చినాక చూద్దాం" అని రాసి పోస్టు చేశాను. నా బతుకులో నేను చేసిన తప్పు ఇదే. క్యాసెట్ కాదు. క్యాసెట్ అమ్మ కోసం చేశాను, దానికి ఎప్పుడైనా క్షమాపణ ఉంటుంది. వాడు అడిగినప్పుడు చెప్పకపోవడం నా పరువు కోసం చేశాను.

అదే ఏజెంటు ద్వారా 1990 ఫిబ్రవరిలో వచ్చాడు. తోట పని అని చెప్పారు. వీసా అరబ్బీలో ఉంది, వాడికి చదవరాదు. విమానం దిగగానే ఒక పికప్ ఎక్కించుకుని పోయింది, ఎటు పోయిందో నాకు తెలియదు. ఆ ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. కువైట్‌లో ఉన్న మనవాళ్లు కట్టుబట్టలతో జోర్డాన్‌లోని అమ్మాన్ చేరితే లక్ష మందికి పైగా విమానాల్లో ఇండియాకు తెచ్చారు, తర్వాతి జనవరిలో రియాద్ మీద కూడా స్కడ్ క్షిపణులు పడ్డాయి. ఊరి నుంచి చిన్నాన్న రాయించిన ఉత్తరాలన్నింటిలో ఒకటే మాట, "తమ్ముడు జాడ లేదు, నువ్వు చూసినవా". నేను ప్రతి శుక్రవారం బత్తాలో తెలుగు మాట్లాడే ప్రతి మనిషినీ అడిగేవాణ్ణి.

1991 ఏప్రిల్‌లో ఒక శుక్రవారం ఒకాయన నా చేతిలో సిగరెట్ పెట్టె అట్ట పెట్టాడు. నీళ్ల ట్యాంకర్ నడిపే బంగ్లాదేశ్ డ్రైవరు ఇచ్చాడట, ఎన్ని చేతులు మారిందో తెలియదు. దాని మీద బొగ్గుతో మన ఊరి పేరు, నా పేరు తెలుగులో రాసి ఉన్నాయి. తర్వాతి శుక్రవారం ఆ ట్యాంకర్ ఎక్కి పోయాను. ఐదు గంటలు పట్టింది. ఒక గుడారం, ఎనభై దాకా ఒంటెలు, ఒక మనిషి. గడ్డం పెరిగి, పెదవులు పగిలి, ఎముకల మీద చొక్కా వేలాడుతూ. పద్నాలుగు నెలలుగా తెలుగు మాట్లాడలేదు, మాట కోసం వెతుక్కుంటున్నాడు. నేను ఏడుస్తూ పట్టుకుంటే వాడు ఏడవలేదు. చాలాసేపటికి ఒక్క మాట అన్నాడు. "అన్నా, క్యాసెట్ల ఏసీ చప్పుడు ఇనవడ్డది గదా."

నిందలా అనలేదు. నిజంగానే అడిగాడు. అది కూడా అర్థం కాక, పద్నాలుగు నెలలు ఆ ఒంటెల మధ్య అదే ఆలోచించి ఉంటాడు.

వాణ్ణి అక్కడి నుంచి విడిపించి ఇంటికి పంపడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ ముచ్చట వేరు. టికెట్ డబ్బులు నేను ఇచ్చాను. వచ్చేసరికి ఎకరం చేతులు మారిపోయింది. ఆ ఎకరంలోనే వాడు చాలా ఏళ్లు కూలికి పోయాడు. ఈ ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు, అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు అర్థమైందా, వీసాలో పని పేరు గురించి నాకెందుకు అంత భయమో, అంతకంటే ఎక్కువగా నువ్వు అక్కడి నుంచి ఏం చెబుతావో అన్న భయం ఎందుకో. వీడియో కాల్ ఉంది కదా మామా అంటావు. ఏ గోడ ముందు నిలబడి మాట్లాడాలో నువ్వే ఎంచుకుంటావు కదరా. మాల్ ముందు నిలబడి స్టేటస్ పెడతావు, దాన్ని మీ కాలనీలో టెన్త్ చదివే పిల్లలు చూస్తారు. మా క్యాసెట్ ఒక వాడకట్టు విన్నది, మీ స్టేటస్ మండలం మొత్తం చూస్తుంది.

మూడేళ్లయినా నాలుగేళ్లయినా, నువ్వు నాకు ఒక మాట ఇవ్వాలి. ప్రతి శుక్రవారం నాకు కాల్ చెయ్యి, చేసి ముందు నువ్వు పడుకునే మంచం చూపించు, తర్వాత కంచంలో ఏముందో చూపించు, బాత్రూం చూపించు. సిగ్గుపడకు, నేను చూసినవే అవన్నీ. నీ చేతులు చూపించు. మీ అమ్మకు ఏం చెప్పాలో మనిద్దరం తర్వాత ఆలోచిద్దాం, ఆమెకు కూడా అబద్ధం చెప్పవద్దనే నేనంటాను, కానీ అది నీ ఇష్టం. నాకు మాత్రం చెప్పవద్దు. పక్కన ఎవరైనా ఉండి మాట్లాడలేని పరిస్థితి ఉంటే "మామా, షాపు ముందు బల్బు మార్చినవా" అని అడుగు. ఆ మాట వింటే నేను అదే గంటలో కదులుతాను. హైదరాబాద్‌లో ప్రవాసీ సహాయ కేంద్రం ఉంది, రియాద్‌లో మన ఎంబసీ ఉంది, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో నాకు తెలుసు. నీ దగ్గరి నుంచి నాకు కావాల్సింది ఆ ఒక్క మాటే. తొందరపడి కంపెనీ నుంచి పారిపోయి ఖల్లివల్లి, అంటే కాగితాలు లేని మనిషివి, అయ్యావంటే, కఫీల్ నువ్వు పారిపోయావని హురూబ్ కేసు పెట్టాడంటే మాత్రం బయటపడటం చాలా కష్టం. అంతదాకా రానివ్వకు, ముందే చెప్పు.

అబద్ధం చెప్పేవాళ్లందరూ చెడ్డవాళ్లు కారు, అందుకే ఇంత చెబుతున్నా. 2020 లాక్‌డౌన్‌లో ఏప్రిల్ చివర మేడ్చల్ దగ్గర నాగ్‌పూర్ రోడ్డు మీద మీ అత్త, నేను మజ్జిగ పోశాం, నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వు ఫోన్ చేసి మాస్కు పెట్టుకోమని పోరు పెట్టావు. బీహార్, జార్ఖండ్, యూపీ పిల్లలు మూటలు నెత్తిన పెట్టుకుని వందల మంది నడుస్తున్నారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు పన్నెండు వందల మందితో మొదటి శ్రామిక్ రైలు కదిలింది, దేశం మొత్తానికీ అదే మొదటిది, కానీ వీళ్లు అంతవరకు ఆగలేకపోయారు. నీ వయసువాడే ఒకడు మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి ఫోన్ మాట్లాడుతున్నాడు. వాళ్లమ్మతో. "లారీ దొరికిందమ్మా, కూర్చునే పోతున్నా, అన్నం తిన్నా" అని హిందీలో చెబుతున్నాడు. వాడి చెప్పులు తెగిపోతే కాళ్లకు గుడ్డ కట్టుకుని ఉన్నాడు. నేను అక్కడ నిలబడలేక ఇవతలికి వచ్చేశాను. మీ అత్త మజ్జిగ బిందె పట్టుకుని నా వెనకాలే వచ్చి ఏమైందని అడిగింది, ఆ రోజే ఆమెకు క్యాసెట్ సంగతి మొత్తం చెప్పాను. పెళ్లయిన ఇరవై ఆరేళ్లకు.

ఇక డబ్బు. ఏజెంటు 1,60,000 అడిగాడని, మీ అమ్మ పుస్తెలతాడు కుదువ పెడదామని అనుకుంటున్నారని విన్నాను. చెంప మీద కొట్టేవాణ్ణి, దగ్గర ఉంటే. 30,000 అని ప్రభుత్వం చెబుతుంటే లక్షా అరవై ఎందుకు అడుగుతున్నాడని వాణ్ణి అడిగావా? తల్లి మెడలోది తీసి ఇచ్చేముందు ఒక్కసారి ఆగాలనిపించలేదా? నా దగ్గర మొన్న ఎత్తిన చిట్టీ డబ్బులు ఉన్నాయి. కాగితాలు సరిగ్గా ఉంటే న్యాయంగా అయ్యే ఖర్చు నేను పెడతాను, వడ్డీ మాట ఎత్తకు, ఎప్పుడు తిరిగివ్వాలన్న మాటా ఎత్తకు. అప్పు మీద పోయినవాడు చెడ్డ చోట పడ్డా తిరిగి రాలేడు, నాకు తెలిసి మనవాళ్లు అక్కడ ఇరుక్కుపోయింది కఫీల్ వల్ల ఎంతో, ఊళ్లో వడ్డీ వల్ల అంతే.

ఎంత సంపాదించాక తిరిగి రావాలో ఒక కాగితం మీద రాసి మీ ఇంటి క్యాలెండర్ వెనక అతికించు. నేను రెండేళ్లని పోయి ఆరేళ్లు ఉన్నాను, 1994 దాకా. అప్పు తీరింది, చెల్లె పెళ్లి అన్నారు. పెళ్లయింది, ఇల్లు అన్నారు. ఆ తర్వాత ఊళ్లో ఉండబుద్ధి కాక హైదరాబాద్‌లో ఈ చింతల్ వచ్చి పడ్డాను, అప్పటికే ఇక్కడ మన మండలంవాళ్లు నాలుగు గదుల్లో ఉండేవాళ్లు, ఐదో మనిషిగా ఒక గదిలో చాప వేసుకున్నాను. నీకు ఇక్కడ నా ఈ షాపు ఉంది. ఇది నా కూతురికి ఎంతో నీకూ అంతే అని మీ అత్త నిన్న రాత్రే అన్నది. పోవద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. నీ చేతిలో పని ఉంది, మంచి కంపెనీ, సరైన కాగితం దొరికితే పో, చూడు, నేర్చుకో. నేను తవ్విన గుంతల్లో వేసిన కేబుళ్లకు ఎక్కడైనా నువ్వు కనెక్షన్ ఇస్తావేమో. ఆ ఊహకే నాకు గుండె నిండిపోతుంది.

ఆదివారం రా. వీసా కాగితం, కాంట్రాక్టు, ఏజెంటు కార్డు మూడూ తీసుకుని రా, జూబ్లీ బస్టాండ్‌లో దిగి ఫోన్ చెయ్యి, నేను బండి మీద వస్తాను. మీ చిన్నమామ కూడా వస్తానన్నాడు. నేను రమ్మనలేదు. పొద్దున ఫోన్ చేసి నీ సంగతి చెప్పగానే కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఆదివారం నేను కూడా వస్తనే, పిల్లగానితోని నేను మాట్లాడత" అన్నాడు. కోరుట్లలో వాణ్ణి నువ్వే ఎక్కించుకో, టికెట్ నువ్వు తీయి. మోకాళ్లు మడవలేడు, ముందు సీటు చూడు.

మీ మామ